నీళ్ళకు ఆగే కుర్చీ

తిరువూరు,
12-6-74.

చిరంజీవి చంద్రశేఖరానికి మీ అక్కయ్య సుబ్బరత్నం దీవెనలు.

అందరం క్షేమం అని రాయాలి కాబట్టి రాస్తున్నాను. మా అత్తగారి చక్కెర జబ్బు తగ్గలేదు. పోయిన ఏడాది మొదలుపెట్టిన ఇన్సులిన్ సూది ఇక జన్మంతా రోజూ పడాల్సిందేనని డాక్టరు తేల్చేశాడు. ఆవిడ ఆస్పత్రి దాకా నడవలేదు, రిక్షా ఎక్కనంటుంది. అందుకని గవర్నమెంటు ఆస్పత్రి నర్సు ఏసురత్నం, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోతూ మా ఇంటి దగ్గర ఆగి సూది వేసి వెళుతోంది. నీకు గుర్తుండే ఉంటుంది, మా చిన్నవాడు ఎదురుకాళ్ళతో పుట్టినప్పుడు నన్నూ వాణ్నీ బతికించింది ఆమే.

ఇక అసలు సంగతి. పదేళ్ళుగా బెజవాడలో కుర్చీల షాపులో పనిచేస్తున్న తమ్ముణ్ని పెట్టుకుని నేను కుర్చీ కోసం ఊళ్ళో వాళ్ళ సలహా అడిగితే నవ్విపోతారు. మా వరండా నువ్వు చూసిందే, వెడల్పు మూడున్నర అడుగులు. అందులోనే మీ బావగారి సైకిలు, మూల నీళ్ళ గోళెం. వరండా దిగితే కాలవ, కాలవ దాటితే బజారు. ఆ మిగిలిన చోట్లో పట్టేట్టు ఒక కుర్చీ కావాలి. రాత్రీ పగలూ బయటే ఉంటుంది, లోపలికి తెచ్చేది కాదు. ఎండకు ఆగాలి, నీళ్ళకు ఆగాలి. చూడ్డానికి కాస్త మర్యాదగా ఉండాలి. ఖరీదు మాత్రం మీ బావగారు వినగానే కళ్ళజోడు తీసి తుడుచుకునేంత ఉండకూడదు. ఇంతకుముందున్న పేము కుర్చీ ఏడాది తిరక్కుండానే కుళ్ళి, అల్లిక ఊడి కూర్చుంది. కుర్చీ కూర్చుంటే ఇక మనుషులెక్కడ కూర్చుంటారు?

సామ్రాజ్యానికి ఎన్నో నెల? పుల్లటివి మరీ తిననివ్వకు. జవాబు వెంటనే రాయి. నీ ఉత్తరాలు నీ కుర్చీల కంటే ఆలస్యం.

మీ అక్కయ్య.


విజయవాడ,
17-6-74.

అక్కయ్యకు చంద్రశేఖరం నమస్కారాలు.

సామ్రాజ్యానికి అయిదో నెల. పుల్లటివి నేను తినిపించడం లేదు, పక్క వాటావాళ్ళు తినిపిస్తున్నారు.

పేము కుర్చీ వరండాలో పెట్టమని నీకు ఎవరు చెప్పారు? పేము గదిలో ఉన్నంతకాలం రాణి. బయట పెడితే ఎండకు పెళుసెక్కుతుంది, తడికి బూజు పడుతుంది. మా షాపులో రోజుకు పదిమంది వస్తారు, అందరిదీ నీ గొడవే. ఊళ్ళో స్థలాలు లేవు, అందరివీ మేడ మీద రెండు గదులు, ముందు జానెడు వరండా. అందులో సాయంకాలం కూర్చోవాలని ఆశ. వాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే. బయటి కుర్చీకి మూడు పరీక్షలు. తలుపుకు అడ్డం రాకూడదు, తిరగేస్తే నీళ్ళు నిలిచే సందు ఉండకూడదు, ఒక్క చేత్తో ఎత్తగలిగేట్టుండాలి. వేప చెక్క చవకే కానీ పని సరిగా లేకపోతే వంకర పోతుంది. నాపరాయి బల్ల నూరేళ్ళుంటుంది కానీ నీ మూడున్నర అడుగుల్లో అదొక్కటే ఉంటుంది, బావగారి సైకిలు కాలవలో ఉంటుంది.

నీకు టేకు మడత కుర్చీ పంపుతున్నాను. సీటు చెక్క బద్దలతో ఉంటుంది, నీళ్ళు నిలవవు. అక్కర్లేనప్పుడు మడిచి గోడకు ఆనిస్తే అరడుగు కూడా పట్టదు. మా షాపు మేస్త్రీ శాంతయ్య చేసింది. అతని చేతి కుర్చీ పదిహేనేళ్ళు కదలదు, నాదీ పూచీ. నాలుగు నెలలకొకసారి అవిసె నూనె గుడ్డతో పట్టించు, చాలు. ఎల్లుండి మొదటి బస్సు టాపు మీద వేయిస్తున్నాను. కండక్టరు మనకు తెలిసినవాడే. బావగారిని బస్టాండుకు పంపు.

చంద్రశేఖరం.


తిరువూరు,
20-11-74.

చిరంజీవి తమ్ముడికి,

పదిహేనేళ్ళ పూచీ అన్నావు. అయిదు నెలలకే నీ టేకు కుర్చీకి మోకాళ్ళ నొప్పులొచ్చాయి. వెనక కాళ్ళ దగ్గర అతుకులు వదిలాయి, బద్దలు నల్లబడి ఉబ్బాయి, మడిస్తే విప్పుకోదు, విప్పితే మడుచుకోదు. మొన్న ఏసురత్నం కూర్చోగానే ఒక పక్కకు ఒరిగింది. పడేదే, గోడ పట్టుకుని ఆపుకుంది. పైగా తనే నవ్వి, "నేను లావయ్యానమ్మా, కుర్చీ తప్పేం లేదు" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె లావూ కాదు, పాడూ కాదు, రాత్రంతా వార్డులో నిలబడి కాళ్ళు వాచి ఉంటాయి.

సూది వేసి పోయేదానికి కుర్చీ ఎందుకని మీ బావగారన్నారు. సూదీ సిరంజీ ఆమె తెచ్చుకున్న చిన్న డబ్బాలో వేసి, స్పిరిట్ దీపం మీద పది నిముషాలు మరగనివ్వాలి. ఆ పది నిముషాలు ఆమెను నిలబెట్టమంటారా అని అడిగాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

అవిసె నూనె పట్టించావా అని అడుగుతావు. పట్టించాను, రెండుసార్లు. మీ శాంతయ్యకు ఈ మాట చెప్పు. ఇంకో రకం కుర్చీ ఉంటే చూడు.

అక్కయ్య.


విజయవాడ,
26-11-74.

అక్కయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం శాంతయ్యకు చదివి వినిపించాను. అతను చేతిలో ఉలి కింద పెట్టాడు. తర్వాత, "నా కుర్చీ తొట్టిలో పెట్టి నానబెట్టారా బాబూ?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, అతనికి రాలేదు. ఒకటి అడుగుతాను, ఈ ఏడు తిరువూర్లో అంత వానలు పడ్డాయా? మీ వరండాకు పెంకుల చూరు కిందికంటా ఉంటుంది కదా!

సరే, చెక్కతో పనిలేదు. ఇప్పుడు కొత్తగా ఇనప గొట్టం కుర్చీలు వస్తున్నాయి, ప్లాస్టిక్ వైరు అల్లిక. వైరు తడిసినా ఒకటే, ఎండినా ఒకటే. గొట్టానికి ఎర్ర రంగు ఒక పూత, పైన ఆకుపచ్చ రెండు పూతలు నేను దగ్గరుండి వేయించాను. టేకు దాని కంటే చవక. అల్లింది మళ్ళీ శాంతయ్యే, ఈసారి పంతం పట్టి అల్లాడు. ఆ పాత కుర్చీకి మా ఓనరు నా మీద విసుక్కున్నాడు కానీ అది నేను చూసుకుంటాను.

చంద్రశేఖరం.


తిరువూరు,
3-12-74.

చిరంజీవి తమ్ముడికి,

కుర్చీ అందింది. బాగుంది. ఏసురత్నం కూర్చుని, చేతులు రెండు పక్కలా వేసుకుని, "ఆస్పత్రిలో డాక్టరుగారికి కూడా ఇలాంటిది లేదమ్మా" అంది. ఆమె పేరులోనూ రత్నం, నా పేరులోనూ రత్నం, ఇద్దర్నీ కలిపి తూచినా తులం బంగారం రాదని ఇద్దరం నవ్వుకున్నాం. అత్తగారు గడప లోపల పీట మీద కూర్చుని చెయ్యి బయటికి చాపుతారు, ఏసురత్నం గడప బయట కుర్చీలోంచి సూది వేస్తుంది. అది కాగానే అత్తగారు స్నానానికి లేస్తారు. రోజూ ఇదే వరస.

వానలు మరీ ఎక్కువేం లేవు. జల్లు కొడుతుంది ఒక్కోసారి. గాలి అటునుంచి.

సామ్రాజ్యానికి మగపిల్లాడని తెలిసి ఎంత సంతోషించానో! పురిటి స్నానం రోజుకు వచ్చేదాన్నే, పొద్దున సూది సంగతి చూడాలి గదా. వాడి పేరు నేను వచ్చేదాకా పెట్టకండి.

అక్కయ్య.


విజయవాడ,
9-7-75.

అక్కయ్యకు నమస్కారాలు.

బాగుచేయించమని నువ్వు బస్సులో పంపిన ఆకుపచ్చ కుర్చీ అందింది. ఆరు నెలలు దాటింది, అంతే. ఈ కుర్చీలు మేం గుడివాడకు పంపాం, బందరుకు పంపాం. బందరులో సముద్రపు గాలికి కూడా తుప్పు పట్టలేదక్కయ్యా. తిరువూర్లో పట్టిందంటే నేను ఎవరికి చెప్పుకోను?

శాంతయ్య దాన్ని తిరగేసి చాలాసేపు చూశాడు. అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "వాన జల్లయితే బజారు వైపు కాళ్ళు చెడాలి బాబూ. ఇది ముందు వైపు చెడలేదు. వీపు మీద నుంచి పోసిన నీళ్ళు ఇవి. ఒకే చోట, రోజూ. గొట్టం అతుకులోంచి లోపలికి దిగి లోపల్నుంచి తిన్నాయి." తర్వాత వైరు అల్లికలోకి గోరు పెట్టి గీకి నాకు చూపించాడు. పసుపు. ఆకుపచ్చ వైరు సందుల్లో అట్టలు కట్టి ఉంది. కుర్చీ దించి పెట్టి, చేతులు తుడుచుకుని, టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

అక్కయ్యా, ఆ కుర్చీ మీద పసుపు నీళ్ళు ఎవరు పోస్తున్నారు?

అతుకులు వేయించి, మళ్ళీ రంగు పూయించి కుర్చీ పంపుతున్నాను. నువ్వు మాత్రం నాకు జవాబు పంపు.

చంద్రశేఖరం.


తిరువూరు,
2-9-75.

తమ్ముడికి,

రెండు నెలలు రాయలేదు. తీరిక లేదని రాయబోయి కొట్టేశాను, ఆ కొట్టివేత నీకు కనిపిస్తూనే ఉంటుంది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, నీ ఉత్తరం చదివి నేను మొదట చేసిన పని వెళ్ళి ఆ గోళెం మీద మూత పెట్టడం.

ఏసురత్నం మాలపల్లె మనిషి. వాళ్ళ తాతల నాడే కిరస్తానంలో కలిశారు. మా అత్తగారి మడి సంగతి నీకు తెలుసు. ఊరి కోమటి వీధిలో ఇలాంటి మనిషి రోజూ వచ్చి కూర్చుంటుందంటే ఆవిడ మొదట్లో సూదే వద్దంది. ప్రాణం పోయినా ఫరవాలేదంది. మీ బావగారూ నేనూ బతిమాలగా బతిమాలగా దారికొచ్చింది. సూది గడప దగ్గరే వేయాలి, ఆవిడ వెంటనే తలారా స్నానం చేయాలి, ఆ మనిషి కూర్చున్న కుర్చీ బయటే ఉండాలి, పసుపు నీళ్ళతో కడగాలి. ఇనుముకూ రాయికీ నీళ్ళు పోస్తే మైల పోతుందట, పేముకూ చెక్కకూ పూర్తిగా పోదట. నువ్వు వైరు కుర్చీ పంపినప్పుడు మా ఇంట్లో సంతోషం అందుకు కూడా.

ముసలావిడ, జబ్బు మనిషి. ఆవిడ పద్ధతి ఆవిడది. ఎదిరిస్తే సూది మానేస్తుంది. సూది మానేస్తే ఎన్నాళ్ళుంటుంది? నేనేం చేయను చెప్పు. నీకు మొదటే రాయకపోవడం తప్పే. నీకు కోపం వస్తుందని తెలుసు, అందుకే రాయలేదు.

అక్కయ్య.


విజయవాడ,
6-9-75.

అక్కయ్యకు,

కోపం వచ్చింది. దాచుకోను. మీ చిన్నవాణ్ని ఈ లోకంలో మొట్టమొదట ఎత్తుకున్న చేతులు ఆవిడవి. వాణ్ని అందుకోవడానికి చేతులు పనికొచ్చాయి, కూర్చోవడానికి మనిషి పనికిరాలేదా? రాత్రంతా మేలుకుని, పైసా ఆశించకుండా వచ్చి ప్రాణం నిలబెడుతుంటే వెనకాలే బకెట్టు పట్టుకుని నిలబడతారా? నేను కుర్చీకి మూడు పరీక్షలు చెప్పాను. నాలుగోది ఉందని నాకు తెలియదు. తెలిస్తే నాపరాయి బల్లే పంపేవాణ్ని, మీ అందరికీ సుఖంగా ఉండేది. అమ్మ ఉన్నప్పుడు మన ఇంట్లో ఇలాంటివి

8-9-75.

పై ముక్క అక్కడ ఆపి, రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. చింపేద్దామనుకున్నాను కానీ చింపితే నేను మంచివాణ్నవుతాను. అందుకని అలాగే పంపుతున్నాను, మిగతాది చదువు.

మన ఇంట్లో ఇలాంటివి లేవని రాయబోయాను. రాస్తూ తలెత్తితే మా షాపు కిటికీ కనిపించింది. కిటికీ చెక్క మీద ఒక గాజు గ్లాసు బోర్లించి ఉంటుంది. శాంతయ్య గ్లాసు. మా అందరి గ్లాసులూ లోపల బల్ల మీద ఉంటాయి. టీ పోసేవాడు అతని గ్లాసును తాకకుండా పైనుంచి పోస్తాడు. పదేళ్ళుగా రోజూ రెండుసార్లు చూస్తున్నాను, ఒక్కనాడూ చూడలేదు.

ఇంకోటి చెప్పనా? ఈ పదేళ్ళలో అతను చేసిన కుర్చీలు లెక్క పెట్టలేం. వాటిలో ఒక్కదాంట్లోనూ అతను కూర్చోగా నేను చూడలేదు. చేసేది నేల మీద కూర్చుని, తినేది నేల మీద కూర్చుని. కుర్చీ గట్టిదో కాదో చూడ్డానికి కూడా నన్నే పిలిచి కూర్చోమంటాడు. ఆ పసుపు గీకి చూపించి ఎందుకు మాట్లాడకుండా వెళ్ళాడో ఇప్పుడు తెలిసింది. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, ఆ మాట నా కోసమే పుట్టింది.

నిన్ను తిట్టే ముఖం నాకు లేదు. కానీ అక్కయ్యా, మీ అత్తగారికి రెండేళ్ళుగా చూపు బాగా మందగించిందని బావగారు మొన్న కొట్టుకు సరుకులు కొనడానికి వచ్చినప్పుడు చెప్పారు. కుర్చీ కడిగారో లేదో ఆవిడకు కనిపిస్తుందా?

చంద్రశేఖరం.


తిరువూరు,
20-10-75.

చిరంజీవి చంద్రశేఖరానికి,

కనిపించదు.

ఆ ఒక్క మాట రాయడానికి నాకు ఆరు వారాలు పట్టింది. అత్తగారు కడగమన్నది మొదటి నెలలో. తర్వాత చూపు పోయింది, పట్టుదలా సగం పోయింది. ఒకసారి ఆవిడే, "రోజూ ఆ నీళ్ళేంటే, కుర్చీలు పాడైపోతున్నాయి" అంది కూడా. నీళ్ళు పోసింది నేను, తమ్ముడూ. మొదటి రోజు నుంచి నేనే. నీకు రాసిన ఉత్తరంలో ఆ మాట ఎవరి మీదా పడకుండా ఎంత జాగ్రత్తగా రాశానో మళ్ళీ చదువు, తెలుస్తుంది.

ఎదురింటి పిచ్చమ్మగారు రోజూ ఆ వేళకు ముగ్గు పెట్టడానికి వస్తుంది. ఆవిడ చూస్తుంది. ఆవిడ చూస్తే వీధంతా చూసినట్టే. మా ఇంట్లో నీళ్ళు తాగరని, మా పేరంటానికి రారని నాకు భయం. ఏసురత్నంగారు సందు మలుపు తిరిగేదాకా తలుపు చాటున నిలబడేదాన్ని, ఆమె అడుగులు లెక్కపెట్టుకుంటూ. ముప్ఫై నాలుగు. తర్వాత బకెట్టు. ఆమె చూడకూడదని అంత జాగ్రత్త. దాన్ని నేను మర్యాద అనుకున్నాను! చూడకుండా చేస్తే చేయనట్టే అనుకున్నాను!

గాంధీ జయంతి మర్నాడు ముసురు పట్టి ఉంది. ఆమె గొడుగు మరిచిపోయి వెనక్కి వచ్చింది. ముప్ఫై నాలుగు అడుగులైనాయి, నేను చెంబుతో పోస్తున్నాను, చేతుల నిండా పసుపు. తలెత్తితే కాలవ అవతల నిలబడి ఉంది. పైన వాన పడుతోంది, నేను కుర్చీ కడుగుతున్నాను. వానకు తడిసిందని కూడా అనలేను, కుర్చీ చూరు కింద ఉంది. ఆమె వచ్చి, గోడకున్న గొడుగు తీసుకుని, "మరిచిపోయానమ్మా" అని వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి రాదనుకున్నాను. వచ్చింది. అదే వేళకు. స్పిరిట్ దీపం వెలిగించి, డబ్బా పెట్టి, నిలబడింది. కూర్చోండి అన్నాను. "పర్లేదమ్మా, మళ్ళీ మీకు పని" అంది. వెటకారంగా అని ఉంటే బాగుండేది. నా పని తగ్గించడానికే అన్నట్టు అంది. పది నిముషాలూ నిలబడే ఉంది. అప్పటినుంచి రోజూ అంతే. ఆదివారాలు కూడా.

మీ శాంతయ్య కుర్చీ ఇప్పుడు నిగనిగలాడుతోంది. పదిహేడు రోజులుగా ఎవరూ కూర్చోలేదు, నేను కడగలేదు, రంగు చెక్కుచెదరలేదు. దాని పక్కనుంచి లోపలికీ బయటికీ తిరుగుతుంటే నాకు వీపు మీద ఎవరో చూస్తున్నట్టుంటుంది.

మొన్న సాయంత్రం ఎవరికీ చెప్పకుండా ఆస్పత్రి క్వార్టర్లకు వెళ్ళాను. ఒకే గది, ముందు చిన్న పంచ, మా వరండాలో సగం. పంచలో ఒకటే స్టూలు. నన్ను చూసి కంగారుపడి, ఆ స్టూలును పైటచెంగుతో తుడిచి, "కూర్చోండమ్మా" అంది. నేను వస్తే తుడిచింది, తమ్ముడూ. నేను కూర్చోబోతుంటే నాకు మురికి అంటకూడదని. నేను కూర్చున్నాను. క్షమించమని అడగడానికి వెళ్ళి, అత్తగారి సూది మోతాదు గురించి అడిగాను. ఆమె చెప్పింది. మంచినీళ్ళు కావాలా అని ఆమె అడగలేదు, నేను తాగనని ఆమెకు తెలుసు. ఇవ్వండి అని నేనూ అడగలేకపోయాను. లేచి వచ్చేస్తూ గేటు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. స్టూలు మీద ఎవరూ నీళ్ళు పోయడం లేదు. ఆమె దానిమీద కూర్చుని కాళ్ళు ఒత్తుకుంటోంది.

ఏడుస్తూ ఇంటికొచ్చాను. మీ బావగారు అడిగితే దారిలో దుమ్ము పడిందన్నాను.

నాకు ఒక కుర్చీ కావాలి. బయటికి కాదు. ముందు గదిలోకి. ఎండకు ఆగక్కర్లేదు, నీళ్ళకు ఆగక్కర్లేదు. పేముదే పంపు, మెత్తగా ఉంటుంది.

అక్కయ్య.


విజయవాడ,
25-10-75.

అక్కయ్యకు నమస్కారాలు.

పేము కుర్చీ రేపటి మొదటి బస్సుకు వస్తుంది. శాంతయ్య అల్లాడు. ఎవరి కోసమో చెప్పాను. చెప్పాల్సిన పని లేదు కానీ చెప్పాను. అయ్యాక కూర్చుని చూడమన్నాను. "మీరు చూడండి బాబూ" అన్నాడు. మీరే చూడండి శాంతయ్యగారూ అన్నాను. మా ఓనరు కౌంటరు దగ్గర్నుంచి తల తిప్పి చూశాడు. శాంతయ్య అంచు మీద కూర్చుని, వెంటనే లేచి, గట్టిగానే ఉందన్నాడు. అంతసేపే. గ్లాసు ఇంకా కిటికీ మీదే ఉంది. అది తీసి లోపల పెట్టే ధైర్యం నాకు ఇవాళ రాలేదు. నీకు అబద్ధం రాయను.

చంద్రశేఖరం.


తిరువూరు,
30-10-75.

చిరంజీవి తమ్ముడికి దీవెనలు.

కుర్చీ ముందు గదిలో కిటికీ పక్కన వేశాను. అత్తగారికి ముందే చెప్పాను, ఏసురత్నంగారు రేపట్నుంచి లోపలికి వస్తారని. ఆవిడ, "నీ చేత్తో వండింది తింటున్నాను, నువ్వు ఎవర్ని ముట్టుకుంటే నాకేం తెలుస్తుంది? నా స్నానం మాత్రం నేను చేస్తాను" అంది. చేయండి అన్నాను. మీ బావగారు కొట్టుకు వెళ్ళే వేళ ముందుకు జరిపి పెందలాడే వెళ్ళిపోయారు. అది వద్దనడం కాదు, ఔననడమూ కాదు.

ఆమె వచ్చి వరండాలో సంచిలోంచి స్పిరిట్ దీపం బయటికి తీయబోయింది. లోపలికి రండి అన్నాను. గడప దగ్గర ఆగింది. ఎదురుగా పిచ్చమ్మగారు ముగ్గు చిప్ప పట్టుకుని నిటారుగా నిలబడింది. నేను మళ్ళీ రండి అన్నాను, ఈసారి పిచ్చమ్మగారికి కూడా వినపడేట్టు. లోపలికి వచ్చింది. కుర్చీ చూసింది. కూర్చోలేదు. నా ముఖం చూస్తూ, మెల్లిగా, "దీన్ని కూడా కడుగుతారా అమ్మా?" అని అడిగింది.

కోపంగా అడగలేదు. కడిగేట్టయితే నిలబడతాను, ఎందుకొచ్చిన శ్రమ అన్నట్టు అడిగింది. కడగనండి అన్నాను. ఇన్నాళ్ళూ కడిగింది అత్తగారు కాదు, నేనే అన్నాను. "తెలుసమ్మా, ఆవిడకు కనపడదుగా" అంది. ఎప్పటినుంచి తెలుసో నేను అడగలేదు. పేము కుర్చీ కుళ్ళినప్పటి నుంచే తెలుసేమో! తెలిసే టేకు కుర్చీ ఒరిగితే తన లావు మీద వేసుకుందేమో! కూర్చుంది. పది నిముషాలు డబ్బా మరిగింది. మునుపటిలా రత్నాల నవ్వులేవీ లేవు, ఇక ఉంటాయని కూడా నేను అనుకోవడం లేదు. సూది వేసి, గొడుగు మరిచిపోకుండా తీసుకుని వెళ్ళింది.

ఇది ఇక్కడితో ఆపితే నీకు నేను గొప్పగా కనిపిస్తాను. మిగతాది కూడా విను. ఆమె గడప దిగింది, నేను తలుపు దగ్గర నిలబడ్డాను, లోపల్లోపల అడుగులు లెక్కపెడుతున్నాను. ముప్ఫై నాలుగు కాగానే నా చెయ్యి దానంతట అది గోళెంలోకి పోయింది. చూసుకునేసరికి చెంబు నిండి ఉంది. పసుపు డబ్బా ఇంకో చేతిలో ఉంది. ఎప్పుడు తీశానో తెలియదు. మనసు మారిందనుకున్నాను తమ్ముడూ, చేతికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఆ నీళ్ళు తిరిగి గోళెంలో పోశాను. పసుపు డబ్బా వంటింట్లో పెట్టి వచ్చి, ఆ కుర్చీలో కూర్చున్నాను. ఆమె కూర్చున్న వెచ్చదనం ఇంకా ఉంది. పిచ్చమ్మగారు చూస్తూనే ఉంది. ఆవిడ లోపలికి పోయేదాకా లేవలేదు.

రేపు కూడా ఇదే పని. ఎల్లుండి కూడా. చంటివాడికి ముద్దులు. సామ్రాజ్యాన్ని అడిగానని చెప్పు. శాంతయ్యగారికి కుర్చీ బాగుందని చెప్పు.

మీ అక్కయ్య,
సుబ్బరత్నం.